వీరవేణి ఐపీ పెట్టింది

మా పిన్ని వీరవేణి కాలువ గట్టున నిలబడి ఒక్క కేక వేసిందంటే పట్టిసీమలో మోటార్లు ఉలిక్కిపడి రెండు చుట్లు ఎక్కువ తిరుగుతాయి. నమ్మకపోతే మీ ఇష్టం. ఇంటర్ రెండో ఏడాదిలోనే కాలేజీకి దండం పెట్టి బయటపడ్డ నాకు లెక్కలు రావు గానీ, గొంతుల బలం కొలవడం మాత్రం బాగా వచ్చు.

పాలకొల్లుకి ఆమడ దూరంలో, కాలువ తూముకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆవిడ ఇల్లు. తూము గోడ మీద నీటిమట్టం తెలిపే గీతలు ఉంటాయి. పిన్ని వంటింటి కిటికీలోంచి చూస్తే అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తూము దాటిన నీళ్లు మూడు కిలోమీటర్లు నడిచి శివారు చేలకు చేరతాయి. అక్కడ నలభై మంది రైతులు. అందులో పిన్నికీ మూడెకరాలుంది. వేసవికి ముందు కోసే దాళ్వా పంటకు నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. మా వంతు నడుస్తుండగా పై ఊళ్లో ఎవరైనా కాలువకు అడ్డు పెట్టి తోడేసుకుంటే, ఆ సంగతి శివారుకు తెలిసేసరికి వంతే అయిపోతుంది.

ఫిబ్రవరిలో అదే జరిగింది. తూము దగ్గర నీరు తగ్గడం పిన్ని చూసింది. ఫొటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మావాళ్లు ఊరుకుంటారా?

"నిజంగానే తగ్గిందాండీ? కళ్లజోడు పెట్టుకునే చూశారా?" అని ఒకడు.

"పొద్దున్న ఫొటో పెట్టారేమో చూసుకోండి వేణమ్మగారూ," అని ఇంకొకడు.

వాదన తేలేసరికి పై ఊరికి బయల్దేరింది ఆరుగురే. ఆరుగురి మాట పై ఊరివాళ్లు ఎందుకు వింటారు? ఆ వంతు నీళ్లు పోయాయి. మార్చి వచ్చింది. వెన్నులు పాలు పోసుకుంటున్నాయి. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఖరి వంతు మొదలు. అది కూడా పోతే నలభై మందికీ మిగిలేది తాలు గింజలే.

అప్పుడు పిన్నికి తట్టింది: నేను చూసి చెప్పడం కాదు, నలభై మందీ ఒకేసారి కళ్లారా చూడాలి. మూతబడిన నగల కొట్టువాళ్ల దగ్గర పాత సీసీ కెమెరా ఒకటి పట్టుకొచ్చి కిటికీకి బిగించింది. దాని యాప్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మాయమైపోయింది. కాబట్టి ఇంటి ఇంటర్నెట్ నంబరు ఫోనులో కొడితేనే బొమ్మ వస్తుంది. ఆ నంబరునే ఐపీ అడ్రస్ అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు ఇంటి కనెక్షన్‌లో ఆ నంబరు నిలకడగా ఉండదు, కరెంటు పోయి వస్తే మారిపోతుంది. కొన్ని కంపెనీలైతే ఒకే నంబరును అరవై ఇళ్లకు పంచుతాయి. అరవై ఇళ్లకు ఒకటే డోర్ నంబరుంటే పోస్టుమాన్ ఏ గుమ్మం తడతాడు?

ఎనిమిదో తరగతి దాటని మా పిన్నికి ఈ ముక్క అర్థం కావడానికి ఒక్క పూట పట్టింది. నాకు వారం పట్టింది. అయినా ఆవిడకు నేర్పింది నేనే అని ఊళ్లో చెప్పుకున్నాను.

ముందు ఓ పెద్ద కంపెనీకి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి సినిమాలు ఫ్రీ, క్రికెట్ ఫ్రీ అని గుక్కతిప్పుకోకుండా చదివింది.

"అవన్నీ ఉంచుకో తల్లీ. నంబరు మారకుండా ఇస్తారా?"

"ఇళ్లకి ఇవ్వమండి. ఆఫీసులకే."

"మా వంటిల్లు ఆఫీసే. నలభై మంది దీని మీద ఆధారపడ్డారు," అంది పిన్ని. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

తర్వాత మా పక్క ఊరి కేబుల్ ఆయన స్వయంగా వచ్చి కూర్చుని, "ఇస్తామండీ, అదెంత పని," అన్నాడు.

"కరెంటు పోయి వచ్చినా అదే నంబరు ఉంటుందా?"

"దాదాపు అదేనండి."

"దాదాపు ఏంటయ్యా? పీటల మీద దాదాపు అదే పెళ్లికొడుకుని కూర్చోబెడితే మీ అమ్మాయికి తాళి కట్టిస్తావా?"

ఆయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మూడోది పాలకొల్లు బస్టాండు వెనక మేడ మీద ఉన్న చిన్న కంపెనీ. బల్ల దగ్గర శ్రీదుర్గ అనే అమ్మాయి ఉంది. పిన్ని అడిగిన దానికి ఆ అమ్మాయి తడుముకోలేదు. "ఇంటికైనా ఇస్తామండి. ఆ నంబరు మీ ఒక్కరిదే. కాగితం మీద రాసిస్తాం," అంది. మాటతో సరిపెట్టుకునే మనిషి కాదుగా మా పిన్ని! వాళ్ల ఆఫీసులోనే అలాంటి కనెక్షన్ చూపించమని, నెట్ పెట్టె స్విచ్ మూడుసార్లు ఆర్పి వేసింది. మూడుసార్లూ అదే నంబరు. "బుధవారం మధ్యాహ్నం మా గణేష్‌బాబు వచ్చి పెట్టేస్తాడండి," అంది శ్రీదుర్గ.

మంగళవారం పిన్ని వీధి అరుగు మీద కూర్చుని శ్రీదుర్గకు ఫోనులో గుర్తుచేసింది. ఆవిడ గొంతు సంగతి చెప్పాను కదా.

"ఆ, ఐపీ పెట్టడం ఖాయమేనండి! రేపటికల్లా అయిపోవాలి. ఆలస్యమైతే నలభై మందీ మునిగిపోతారు!"

పక్కనే బుల్లియ్య టీ కొట్టు. మా వైపు ఎవరైనా ఐపీ పెట్టారంటే దివాలా తీసి కోర్టుకెక్కారని అర్థం. బుల్లియ్య చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. సాయంత్రానికి ఆ మాట శివారు దాకా పోయింది. నీళ్లకు మూడు కిలోమీటర్లు నడవడానికి మూడు గంటలు పడుతుంది, ఈ కబురు ముప్పావుగంటలో చేరింది.

బుధవారం మధ్యాహ్నం రెండైంది, మూడైంది. గణేష్‌బాబు లేడు. డేనియల్ మాస్టారు మాత్రం వచ్చారు. ఆయన లూథరన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, శివారు రైతుల్లో పెద్దమనిషి. గుమ్మంలోనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వేణమ్మా, మనిషన్నాక ఇలాంటివి వస్తాయి. ధైర్యంగా ఉండాలి. ప్రార్థన చేద్దామా?"

"చేద్దాం మాస్టారూ. ఆ కుర్రాడు తొందరగా రావాలని చెయ్యండి."

"ఎవరు, ప్లీడరా?"

"ప్లీడరెందుకు? ఐపీ పెట్టేవాడు!"

"అదేనమ్మా నేనూ అంటున్నది..."

నాకు నవ్వాగలేదు. పిన్ని నా వైపు ఒక చూపు చూసింది, నవ్వు ఆగింది. ఆ ఐపీ వేరు, ఈ ఐపీ వేరని తేలేసరికి మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. పిన్ని మాత్రం నేరుగా టీ కొట్టుకి నడిచింది.

"బుల్లియ్యా, మా ఇల్లు అడుగుతూ ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడండి. భుజాన వైరు చుట్ట వేసుకుని, 'ఐపీ పెట్టే వీరవేణిగారి ఇల్లెక్కడండి' అన్నాడు. జప్తుకొచ్చాడనుకున్నానండి. 'ఆవిడ దగ్గర చెంబు కూడా లేదు బాబూ, నీ దారిన నువ్వు పో' అని పంపించేశానండి. మీకు సాయం చేద్దామనే!"

"నా చెంబుల సంగతి నీకెందుకయ్యా!"

మిగతా చీవాట్లు కూడా అక్కడే నాలుగు ముక్కల్లో వడ్డించి, నా స్కూటీ తాళం లాక్కుంది. నేను వెనక ఎక్కాను. పాలకొల్లు దాకా చక్రాలు నేలకు ఆనలేదని నేనంటాను. రెండుసార్లు ఆనాయని పిన్ని అంటుంది.

గణేష్‌బాబు ఆఫీసు మెట్ల మీదే కనిపించాడు. "మీరు దివాలా తీశారని చెప్పారండి, నేనేం చెయ్యను?" అన్నాడు. పిన్ని వెనక సీటు చూపించింది. అతను ఎక్కి కూర్చున్నాడు. నేను బస్సులో వచ్చాను.

దీపాలు పెట్టే వేళకు వైరు లాగడం, పెట్టె బిగించడం అయిపోయాయి. పిన్ని మెయిన్ స్విచ్ మూడుసార్లు తీసి వేసింది. మూడోసారి గణేష్‌బాబు కళ్లు మూసుకున్నాడు గానీ, నంబరు చెక్కుచెదరలేదు. రెండువందల మూడు, సున్నా, నూట పదమూడు, డెబ్బై. పిన్ని దాన్ని ఇంటిపేరులా కంఠతా పట్టేసింది. కెమెరా పాస్‌వర్డ్ మాత్రం నలభై మందికీ విడివిడిగా చెప్పింది.

గురువారం పది గంటలకు నాలుగో గీత మీదున్న నీరు మూడుకు దిగింది. ఈసారి ఎవరూ ఎవరినీ కళ్లజోడు సంగతి అడగలేదు. నలభై ఫోనుల్లో నలభై మంది చూశారు. ముప్పై ఏడుగురు బళ్లెక్కారు, ముందు బండి మీద డేనియల్ మాస్టారు. నేను నాలుగు వందల మంది అని చెబుతుంటాను, అది వేరే విషయం. ఆ దండును చూసి పై ఊరివాళ్లు అడ్డం పెట్టిన చెక్కలు వాళ్లే ఊడబెరికారు. "మీకెలా తెలిసిందండీ ఇంత తొందరగా?" అన్నారట. మాస్టారు జేబులోంచి ఫోన్ తీసి, వాళ్ల కాలువను వాళ్లకే చూపించారట.

పన్నెండు దాటాక చేలకు నీరు పెట్టే శివారు బోదెలోకి నీళ్లొచ్చాయి. ముందు ఎండుగడ్డి, నురగ, దాని వెనక చల్లటి నీరు. పిన్ని తన చేలో మోకాళ్ల దాకా చీర ఎత్తి కట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్, మన చేలోకి వంతు నీళ్లు రావడం నేనెప్పుడూ చూళ్లేదురా," అంది. "ఇరవై ఏళ్లలో వంతు రోజున ఆ కిటికీ వదల్లేదు కదా."

మడి నిండేదాకా అలాగే నిలబడింది. తర్వాత ఫోన్ తీసి, పై ఊరి నుంచి తిరిగొస్తున్న డేనియల్ మాస్టారికి చేసింది. ఆయనది ఆమె కింది చేను, కాలువకు అదే ఆఖరు.

"మాస్టారూ, తొందరగా రండి. మీ గట్టుకున్న మడవ తెరుచుకోండి. నీళ్లు పంపిస్తున్నాను."