లింగసుగూరు పిల్లగాడు రాని ఏడాది

మా ఆయనకు పక్షవాతం వచ్చిన ఏడాదే మా పేట ఫుట్‌బాల్ జట్టు లింగసుగూరు నుంచి ఒక ఆటగాణ్ణి తెచ్చుకోవాలని తెగ తిరిగింది. ఆ పిల్లగాడు చివరికి రాలేదు. రాలేదని రాయచూరులో చాలామంది అతణ్ణి తిట్టుకున్నారు. నేను మాత్రం అతను ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకుంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

గంజ్‌లో మాది బార్దాన్ దుకాణం. ఖాళీ గోనెసంచులు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్ముతాం. పత్తి, వడ్లు మార్కెట్టుకు వచ్చే రోజుల్లో ఊపిరి సలపదు. మిగతా రోజుల్లో మా ఆయన, ఆయన స్నేహితులు దుకాణం ముందున్న బల్ల మీద కూర్చుని ఫుట్‌బాల్ మాట్లాడుకునేవారు. ఊరంతా క్రికెట్ చూస్తుంటే వీళ్ళకు ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన మా పేట జట్టుకే డిఫెండర్‌గా ఆడాడట. దుకాణం బాధ్యత మీద పడ్డాక ఆట మానేశాడు గానీ చూడడం మానలేదు. పెళ్ళయిన కొత్తలో నన్నూ ఒకసారి మైదానానికి తీసుకుపోయాడు. దుమ్ము తప్ప నాకేమీ కనబడలేదు. ఆ మాటే అంటే, ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ వేసవిలో ఒక పొద్దున స్నానానికని లేచినవాడు తలుపు దగ్గరే కూలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. పక్కింటివాళ్ళ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. సమయానికి తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు. కుడికాలు తొందరగానే కదిలింది. కర్ర పట్టుకుని నడిచాడు. కుడిచెయ్యి కూడా మెల్లగా లేచింది. మాట మాత్రం రాలేదు. ఆయన దగ్గర మిగిలింది ఒకే ఒక్క మాట, ‘చాలు’. దాహమైతే చాలు, ఆకలైతే చాలు, దీపం ఆర్పమన్నా చాలు. తాను అనుకున్నది అది కాదని ఆయనకు తెలిసేది. అది తెలిసి కళ్ళు మూసుకునేవాడు.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకామె ఉండేది. వారానికి ఒకసారి తీసుకుపోయేదాన్ని. ఆవు, చెట్టు, గడియారం బొమ్మలున్న కార్డులు ముందు పెట్టి చెప్పమనేది. ఆయన కార్డుల వైపు చూడకుండా గోడ వైపు తిరిగేవాడు. ఊళ్ళో అందరితో బేరమాడి గెలిచే మనిషికి ఆవు బొమ్మ చూపించి ఇదేంటని అడిగితే ఎట్లా ఉంటుంది? ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఆయనకు ఏదంటే ప్రాణమో దాని గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండమంది. బలవంతంగా అడిగితే రాని మాట కొందరికి కోపంలోనో నవ్వులోనో దానంతటదే వస్తుందని చెప్పింది.

ఆ సంగతి నేను చెప్పింది ఆయన చిన్ననాటి స్నేహితుడికి. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం అతనిది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, గిరాకీలతో కన్నడం మాట్లాడే మనిషి. నన్ను భాభీ అంటాడు. విని తల ఊపి వెళ్ళిపోయాడు. మరునాడు సాయంత్రం బల్ల మీది గుంపునంతా వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి వాళ్ళ ఫుట్‌బాల్ సభ మా ముందుగదిలోకి మారింది. పగలంతా దుకాణం చూసుకుని, గోనెసంచుల నూగు ఒంటి నుంచి దులుపుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. మొదట్లో విసుక్కున్నాను. అందరికీ చాయ్ పెట్టడం ఒక పని. కానీ వాళ్ళు ఆయనతో మాట్లాడే తీరు చూశాక విసుగు పోయింది. బంధువులు వస్తే ఆయన ముందే ఆయన గురించి నాతో మాట్లాడేవారు. వీళ్ళు అట్లా కాదు. ఆయన జవాబు చెప్పలేడన్న సంగతే తెలియనట్టు ఆయన వైపు తిరిగి మాట్లాడేవారు.

అప్పట్లో వాళ్ళ మాటలన్నీ లింగసుగూరు పిల్లగాడి చుట్టూనే. అతను ముందు వరుసలో ఆడే స్ట్రైకర్. చుట్టుపక్కల ఏ ఊరి జట్టుకైనా అతని మీద కన్ను. మా పేట జట్టు ఏళ్ళ తరబడి చలికాలం టోర్నమెంటులో సగంలోనే ఇంటికి వచ్చేస్తోంది కాబట్టి, ఈసారి అతణ్ణి తెస్తే కప్పు మనదే అని వాళ్ళ నమ్మకం. జట్టు కెప్టెన్ లింగసుగూరు పోయి మాట్లాడి వచ్చాడు. జిన్నింగ్ మిల్లులో కొలువు, మిల్లు దగ్గరే ఉండడానికి గది ఇప్పిస్తామన్నారు. పిల్లగాడు సరేనన్నాడు. ఇంకేముంది, వాట్సాప్ నిండా అతని ఫోటోలే. చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో అతను చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, చుట్టూ మా పేట పెద్దల తలకాయలు. స్నేహితుడి మొహం కూడా ఒక మూల ఉంది.

ఆదివారం బస్సుకు వస్తాడనగా శనివారం సాయంత్రం కెప్టెన్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. అందరూ మా ముందుగదిలోనే ఉన్నారు. నేను చాయ్ గ్లాసులు పంచుతున్నాను. స్నేహితుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటూ వింటూ కుర్చీలో కిందికి జారాడు. ఫోన్ పెట్టేసి, పిల్లగాడు వస్తలేడట అన్నాడు. కారణం ఏమో కెప్టెన్‌కే సరిగా తెలియదట.

ఇంట్లో ఎవరో పోయినట్టు గది చిన్నబోయింది. ఒకరు, బిజాపూరు జట్టువాళ్ళు ఎగరేసుకుపోయి ఉంటారన్నారు. ఇంకొకరు, మాట మీద నిలబడనివాణ్ణి నమ్మడం మనదే తప్పన్నారు. ఫ్లెక్సీ ఎవరు విప్పాలి, పగలు విప్పితే ఎదుటి పేటవాళ్ళు నవ్వుతారని ఒక చర్చ. స్నేహితుడు మాత్రం తల పట్టుకుని, వాడు లేకుంటే మన బతుకు ఇంతే, అట్లాంటి ఆటగాడు జిల్లాల లేడు అని గొణుగుతున్నాడు.

అప్పుడు మా ఆయన కర్రతో నేల మీద కొట్టాడు. అందరూ అటు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. ‘చాలు’ అంటాడనుకున్నాను.

“వానికి...” అన్నాడు. ఆగాడు. “వానికి ఎడమకాలుతోని... కొట్టరాదు.”

నా చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఈనాటికీ గుర్తులేదు. నేను ఏడ్చేదాన్నే, ఆయన దగ్గరికి ఉరికేదాన్నే. స్నేహితుడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. గొంతులో మాత్రం ఎప్పటి దబాయింపే.

“ఏం మాట్లాడుతున్నవ్‌రా? పోయినేడు మనం చూసిన కల్లూరు మ్యాచ్‌ల గోల్ ఎడమకాలుతోనే గద కొట్టింది.”

“మోకాలు,” అన్నాడు మా ఆయన. ఎడమచేత్తో తన మోకాలు చరుచుకున్నాడు. “మోకాలికి... తగిలింది.”

అది మోకాలా, పాదమా అన్న వాదన చీకటి పడేదాకా సాగింది. ఆయన నోట పూర్తి వాక్యం మళ్ళీ రాలేదు. కాదు, మోకాలు, గుడ్డోడా, ఇట్లా ఒక్కో మాటే. కానీ అవి ‘చాలు’ కాదు, ఆయన అనాలనుకున్న మాటలే. అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో పీట మీద కూర్చుని కడుపునిండా ఏడ్చాను. అన్ని నెలల తరువాత ఏడుపు కూడా సుఖంగా అనిపించింది.

ఆసుపత్రి అమ్మాయికి చెబితే చప్పట్లు కొట్టింది. కార్డులు పక్కన పెట్టి, ఇక ఆ గొడవనే సాగనివ్వమంది. స్నేహితుడు దాన్ని నమాజంత నిష్ఠగా పట్టుకున్నాడు. రోజూ వచ్చి కావాలని ఏదో ఒక తప్పు మాట్లాడేవాడు. ఆఫ్‌సైడ్ కానిదాన్ని ఆఫ్‌సైడ్ అనేవాడు, మా ఆయన ఆడిన రోజుల్లో జట్టు ఓడిందనేవాడు. ఆయన మండిపడి, మాట కోసం వెతుక్కుని, దొరకబట్టి అనేవాడు. దొరక్కపోతే అందరూ ఓపికగా కూర్చునేవారు. ఎవరూ అందించేవారు కాదు. చలి మొదలయ్యేసరికి మాటలు రెండు మూడు కలిసి రాసాగాయి. మధ్యాహ్నాలు దుకాణానికి కూడా వచ్చి కూర్చునేవాడు.

టోర్నమెంటులో మా జట్టు ఎప్పటిలాగే సగంలో ఓడింది. పెనాల్టీల్లో పోయింది. మరునాడు లింగసుగూరు జట్టు ఆట. ఆ పిల్లగాడు మైదానంలోకి రాగానే మా పేటవాళ్ళు ఈలలు, కూతలు. అతను తల వంచుకుని ఆడాడు. నేను మా ఆయన పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నాను. ఈసారి నాకు దుమ్ముతో పాటు ఆట కూడా కొంచెం కనబడింది. ఆట అయ్యాక స్నేహితుణ్ణి పిలిచి, ఆ అబ్బాయిని మా ఇంటికి భోజనానికి తీసుకురమ్మన్నాను.

“భాభీ, ఊరంత వాని మీద మండుతుంది,” అన్నాడు.

అతనితో నాకు పని ఉందన్నాను. ఒక చూపు చూసి, ఇంకేమీ అడక్కుండా పోయాడు.

అబ్బాయి బూట్లు చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. తిట్టడానికే పిలిపించామనుకున్నట్టున్నాడు. వాళ్ళమ్మ తెలుగామెనట, మాట్లాడడానికి ఇబ్బంది లేదు. కాళ్ళు కడుక్కోమని కూర్చోబెట్టి జొన్నరొట్టెలు, వంకాయకూర, పుంటికూర పప్పు వడ్డించాను. రెండో రొట్టె వేస్తుంటే, తనంతట తానే మొదలుపెట్టాడు. పెళ్ళాం అంగన్‌వాడీ ఉద్యోగానికి చాలాకాలం నుంచి ప్రయత్నిస్తోందట. వాళ్ళ పేటలోనే ఉండేవాళ్ళకు ఇచ్చే ఉద్యోగం. బ్యాగు సర్దుకున్నాక ఆమె పేరు వచ్చిందన్న కబురు తెలిసిందట. రాయచూరు వస్తే ఆమె ఆ ఉద్యోగం వదులుకోవాలి. కెప్టెన్‌కు ఫోన్ చేసి చెప్పబోతే పూర్తిగా వినకుండానే పెట్టేశాడట.

“నా ఆట ఇంకెన్నేండ్లు ఉంటదమ్మా?” అన్నాడు. “ఆమె కొలువు ఎప్పటికీ ఉంటది. గా మాట వినెటోళ్ళే లేకపాయె.”

పక్కనే తింటున్న స్నేహితుడు తల దించుకుని రొట్టె పప్పులో అద్దుకుంటున్నాడు. ఆ ఏడాదంతా తాళాలగుత్తి కొంగున ముడేసుకుని దుకాణం నడిపినదాన్ని, అతని మాట నాకు వేరేగా వినబడింది. పెళ్ళాం కష్టం తెలిసిన మగవాడు ఎదురుగా కూర్చుని తింటున్నాడు.

“నువ్వు రానందుకు నీకు దండం పెట్టుకుందామనే పిలిచిన,” అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు. శనివారం సాయంత్రం మా ముందుగదిలో జరిగింది మొత్తం చెప్పాను. వింటూ వింటూ రొట్టె పళ్ళెంలో పెట్టేసి మా ఆయన వైపు చూశాడు.

“మోకాలే కాకా,” అన్నాడు. “మీరన్నది నిజమే. కల్లూరుల మోకాలికి తగిలే పోయింది. ఎవరికీ చెప్పలే.”

మా ఆయన నవ్విన నవ్వుకు ఎక్కిళ్ళు వచ్చాయి. స్నేహితుడు లేచి చేతులు కడుక్కుని వచ్చి, ఆ అబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు. ఊళ్ళో అందరికీ అసలు సంగతి తానే చెబుతానన్నాడు, చెప్పాడు కూడా. వాట్సాప్‌లో తిట్లు పోయి, ఆలస్యంగానైనా నాలుగు మంచి మాటలు వచ్చాయి. వెళ్ళేటప్పుడు అతని భార్యకని రొట్టెలు, పల్లీల పొడి కట్టిచ్చాను. ఇల్లు చేరాక ఆమె ఫోన్ చేసి మాట్లాడింది. అట్లా మొదలైన స్నేహం మాది.

మొన్న వానలకు ముందు లింగసుగూరులో ఒకరికి టార్పాలిన్లు ఇచ్చే పని పడితే ఇద్దరం కలిసి పోయాం. పని అయ్యాక ఆమె అంగన్‌వాడీకి వెళ్ళాం. పిల్లలకు కన్నడంలో అంకెలు చెప్పిస్తోంది. మా ఆయనకు మాటలు చాలావరకు వచ్చాయి గానీ అంకెలు ఇంకా తడబడతాయి. గిరాకీ ముందు అది దాచుకోవడానికి నానా తంటాలు పడతాడు. అక్కడ మాత్రం చాప చివర కూర్చుని, కర్ర పక్కన పెట్టి, పిల్లలతో పాటు ఒందు, ఎరడు, మూరు అని మొదలుపెట్టాడు. ఏడు దగ్గర తప్పాడు. పక్కనున్న చిన్నపాప సరిదిద్దింది. ఆయన ఆ పాపకు తల ఊపి, మళ్ళీ ఒందు నుంచి అందుకున్నాడు.