మూడో వాక్యం

ఇంటర్లో మాకు చరిత్ర చెప్పిన సారు మంచివారే కాని, నోరు తెరిస్తే ఆగేవారు కాదు. బోర్డు మీద ఒక్క ముక్క రాయరు. కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి మార్కాపురం బస్టాండు వైపు చూస్తూ నోట్సు చెప్పుకుంటూ పోతారు. మళ్ళీ చెప్పమంటే మీ చెవులు ఇంట్లో పెట్టి వచ్చారా అని అడుగుతారు. కాలేజీలోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి రికార్డు చేసుకునే దారి కూడా లేదు. పరీక్షలకేమో ఆ నోట్సే దిక్కు. మొదటి నెలంతా నా పుస్తకంలో ఒక్క వాక్యానికీ చివర లేదు.

మా బెంచీలో నలుగురం. ఉపాయం చెప్పింది పుల్లలచెరువు పిల్ల. ఆమెది నిజానికి పుల్లలచెరువు కూడా కాదు, దానికి అవతల అడవి అంచున ఉన్న చిన్న పల్లె. వాళ్ళమ్మా నాయనా కౌలుకు మిరప వేసేవాళ్ళు. కోతలప్పుడు మనిషికొక చెట్ల వరస, ఒక సాలు పడతారనీ, ఎవరి సాలు వాళ్ళు కోసుకుంటూ పోతే చేనంతా అయిపోతుందనీ, మనం కూడా అట్లాగే వాక్యాలు పడదామనీ ఆమె అంది. మొదటి వాక్యం ఒకరిది, రెండోది ఇంకొకరిది, మూడోది తనది, నాలుగోది నాది. ఐదోది మళ్ళీ మొదటి మనిషిది. ఎవరి వాక్యం వాళ్ళు రాసుకుని, మిగతా ముగ్గురి కోసం ఖాళీ గీతలు వదలాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వరసగా చదువుకుని ఖాళీలు నింపుకోవాలి.

మొదటి వారం అభాసుపాలయ్యాం. సారు చెప్పేది ఒక వాక్యమో రెండు వాక్యాలో తెలియక ఒకే ముక్కను ఇద్దరం రాసేవాళ్ళం, తర్వాతి దాన్ని ఎవరమూ రాసేవాళ్ళం కాదు. అందుకని ఎవరి వాక్యం కాగానే వాళ్ళు పక్కదాని కాలు తొక్కాలని పెట్టుకున్నాం. ఆ తొక్కుడుతో మా వ్యవహారం గాడిన పడింది. దసరా సెలవులయ్యేసరికి క్లాసులో పూర్తి నోట్సు ఉన్నది మా నలుగురి దగ్గరే. మగపిల్లలు వచ్చి అడిగితే ఇచ్చేదాన్ని గాని, నాలుగు మాటలు అనకుండా ఇచ్చేదాన్ని కాదు. నా నోటి సంగతి అప్పటికే కాలేజీ అంతా తెలుసు.

జనవరి సెలవులయ్యాక పుల్లలచెరువు పిల్ల రాలేదు. వారం చూశాం. అదే బస్సులో వచ్చే ఇంకో పిల్ల చివరికి సంగతి చెప్పింది. వాళ్ళమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, చేలో కాయ పండి ఉంది, కోతకు మనిషి చాలక ఈమె ఆగిపోయింది. ఇక చదువు మాన్పిస్తారేమో అని కూడా అంది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. హాజరు తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు.

నాకు బాధ కంటే ముందు కోపమొచ్చింది. ఒక్క ఫోన్ చెయ్యలేకపోయిందా అనిపించింది. మిగిలిన ఇద్దరూ, ఇక ముగ్గురమే వంతులు వేసుకుందామన్నారు. నేను ససేమిరా అన్నాను. మూడో వాక్యం ఆమెది, ఆమె వచ్చేదాకా అది ఖాళీగానే ఉంటుందని తేల్చి చెప్పాను. వాళ్ళు దాన్ని స్నేహం అనుకున్నారు. అది ఉత్త మొండితనం. ఆ రెండు వారాల నోట్సు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాజు సైన్యంతో బయలుదేరతాడు, కోటను ముట్టడిస్తాడు, ఆ తర్వాత ఒక ఖాళీ, వెంటనే బాటల పక్కన చెట్లు నాటిస్తాడు. గెలిచాడో ఓడాడో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం ముగ్గురం బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాం. చేలో కోత జరుగుతోంది. మమ్మల్ని చూసి ఆమె సంతోషపడలేదు, తలగుడ్డ ముందుకు లాక్కుని ఇంకా వంగి కోయసాగింది. వాళ్ళ నాయనే పని ఆపి మా దగ్గరికి వచ్చాడు. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయనకు చెప్పాల్సిన ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ముందుగా నోట్సు తీసి చేతికిచ్చాను. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని పేజీలు తిప్పాడు.

"ఈడ ఏంది, ఖాళీ వదిలినారు?"

"అది మీ పాప సాలు చిన్నాయనా. ఆమె రాలేదు గదా, వదిలేసినాం."

ఆయన పుస్తకం లోంచి తలెత్తి నన్ను చూశాడు. ముఖంలో కోపమేమీ లేదు.

"మనిషి రాకపోతే సాలు వదిలేస్తారా అమ్మా? పక్క సాళ్ళోళ్ళు తలా రెండు చెట్లు కోసుకుంటా పోతారు. లేకుంటే ఆ మనిషి మళ్ళీ వచ్చేసరికి కాయంతా రాలిపోయి ఉంటాది. వచ్చి ఏం కోసుకోవాల?"

ఉపన్యాసం సంగతి మరిచిపోయి, పుస్తకం వెనక్కి తీసుకుని ఆ ఖాళీలు చూశాను. ఆమె తిరిగొస్తే ఈ చిల్లుల నోట్సుతో ఏం చదువుకుంటుందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చాలా సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఇవాళ్టికి ఆమె సాలు మేం పడతామన్నాను. ఆయన నవ్వి మాకొక సంచి చూపించాడు.

ఆమె గట్టు మీద కూర్చుని మా పుస్తకాలు ముందేసుకుని ఎత్తి రాసుకుంది. మేం ముగ్గురం కాయ కోశాం. మిరప చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. ఇక నా తిప్పలు చూసి చేలోని ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి ముగ్గురికీ కలిపి ఒక సాలు, ఇంకో సాలులో సగం అయ్యాయి. మేం వదిలేసిన పండుకాయల్ని వాళ్ళ నాయన మా వెనకే కోసుకుంటూ వచ్చాడు.

బస్సుకని రోడ్డు దాకా ఆయనే తోడొచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాం, ఆమెను పంపిస్తావా అని ఈసారి తగ్గి అడిగాను.

"రేపట్నుంచే పంపిస్తా. మీరొచ్చినా రాకున్నా పంపిస్తా. ఈడ సాలు పట్టేదానికి మా అన్నోళ్ళు ఉండారు, ఇన్నాళ్ళూ వాళ్ళను అడగబోతే నాకే నోరు రాలే. ఈ రాత్రికి పోయి అడుగుతా."

సోమవారం ఆమె వచ్చి తన చోట కూర్చుంది. సారు మొదలుపెట్టారు. మొదటి వాక్యం అయింది, రెండోది అయింది, కాలు తొక్కుడు ఆమె దాకా వచ్చింది. వారాల తరబడి కాయ కోసిన వేళ్ళు మండుతుంటే ఆమె పెన్ను పట్టడానికి తడబడుతోంది. నేను ఆగలేదు, మూడో వాక్యం గబగబా నా పుస్తకంలో రాసేశాను. రాసి తలెత్తేసరికి సారు ఐదో వాక్యంలో ఉన్నారు. నాది పోయింది, తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

మధ్యాహ్నం వరసగా చదువుతున్నాం. ఒకరు మొదటిది, ఒకరు రెండోది. మూడోది నేను చదివాను. నాలుగోది లేదు, తప్పు నాదే అని చెప్పబోయాను. నా నోటికి అలవాటు లేని మాట, వెంటనే రాలేదు. అంతలో ఆమె తన పుస్తకం దగ్గరికి లాక్కుని, వంకర అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ, నాలుగో వాక్యం చదివింది. నేను తల వంచుకుని రాసుకున్నాను.