గేరు నాబ్ తొడిగిన జాయ్‌స్టిక్

నాకు ఓపిక తక్కువ. పొదిలిలో పంపు మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు నాది. నా నోటికి జడిసి సగం మంది రైతులు మోటారు గుమ్మంలో దించేసి, పలకరించకుండానే వెళ్ళిపోతారు. అలాంటివాణ్ణి మూడు వారాలపాటు ఒక పాత వీడియో గేమ్ పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నానంటే, దానికి కారణం మా బావ.

బావంటే మా అక్క మొగుడు. మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల గోతాలు, ట్రాక్టర్‌కెత్తుకుని గుంటూరు యార్డుకు తోలేవాడు. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు తొందరగానే తేరుకుంది. మాట కాస్త ముద్దగానైనా వచ్చింది. చెయ్యి మాత్రం ఛాతీకి ముడుచుకుపోయి అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియో ఆవిడ మాకు ఒకటే మాట చెప్పింది. “మనం పట్టుకుని సాగదీస్తే చాలదండీ. ఆయనంతట ఆయన ముందుకి నెట్టాలి, ఎంత కొంచెమైనా సరే. అది మొదలైతే చెయ్యి దారిలో పడుతుంది. లేకపోతే ఇక ఇలాగే ఉండిపోవచ్చు.”

నెట్టమని ఆవిడ ఇచ్చిన రబ్బరు బంతిని బావ ఎడం చేత్తో పెరట్లోకి విసిరికొట్టాడు. “నేనేమన్నా చంటిపిల్లోణ్ణా?” అన్నాడు. నాలుగు నెలలు గడిచాయి. మొదట్లో అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చేది. తర్వాత ఏడవడం కూడా మానేసింది. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది.

పెళ్ళికి ముందు బావకు వినుకొండ బస్టాండు దగ్గర వీడియో గేమ్‌ల కొట్టు ఉండేది. బిళ్ళ వేస్తే ఆడనిచ్చే నిలువెత్తు పెట్టెలు. కొట్టు ఎత్తేసినప్పుడు అన్నీ ఇచ్చేసి, ఒక్కదాన్ని మాత్రం వదులుకోలేక ఇంటి వెనక రేకుల షెడ్డులో, మిరపకాయల టిక్కీల మధ్య దాచుకున్నాడు. “అది బాగుచేస్తా, ఆడతావా బావా?” అని అడిగాను.

“నువ్వా? మోటారు ఇస్తే ఆర్నెల్లు తిప్పుకునే మొహం!” అన్నాడు. ఆడనని మాత్రం అనలేదు. నాకు ఆ మాత్రం చాలు.

పెట్టె వెనక తలుపు తీస్తే లోపల అడుగంతా ఎర్రగా ఉంది. ఎలుకలు వైర్లు కొరక్కుండా అక్క ఎప్పుడో దోసిళ్ళకొద్దీ ఎండు మిరపకాయలు పోసిందట. అవి ఏళ్ళ తరబడి నలిగి పొడైపోయాయి. నేను మహా తెలివిగా మోటార్ల దుమ్ము ఊదే బ్లోయర్ లోపలికి పెట్టి స్విచ్ వేశాను. ఇక చూడండి నా తిప్పలు! కళ్ళు, ముక్కు, గొంతు, ఒకటేమిటి, అన్నీ భగ్గుమన్నాయి. దగ్గుతూ తుమ్ముతూ పెరట్లో గంతులు వేశాను. అక్క బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. వసారాలో కుర్చీలో కూర్చున్న బావ పక్కకు వంగిన మూతితోనే పడీపడీ నవ్వాడు. “నీ మెకానిక్కు తెలివి తెల్లారినట్టే ఉందిరా బామ్మర్దీ!” జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. కళ్ళు మంటగా ఉన్నా నాకు భలే సంతోషం వేసింది. పైగా, ఎలుక ఒక్క వైరు కూడా ముట్టలేదు.

పవర్ సప్లైలో ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చితే తెర వెలిగింది. అసలు పని జాయ్‌స్టిక్‌తోనే. ఈ పెట్టెల్లో అది ఎడం చేతికి ఉంటుంది, బటన్లు కుడి చేతికి. మాకు కావలసింది కుడి చెయ్యి పనిచెయ్యడం. అందుకని పాత ప్లైవుడ్ పీకేసి, కొత్త చెక్కకు కన్నాలు వేసి, జాయ్‌స్టిక్‌ను కుడి వైపుకూ బటన్లను ఎడం వైపుకూ మార్చాను. గట్టి స్ప్రింగు తీసి మెత్తటిది వేశాను. కడ్డీ మీదున్న గోలీకాయంత ఉండ ఆయన గుప్పిటకు అందేది కాదు. ఏం పెట్టాలా అని రెండు రోజులు తల గోక్కుని, చివరికి ఆయన ట్రాక్టర్ గేరు రాడ్డు నాబ్ విప్పుకొచ్చి తొడిగాను. చెయ్యి జారకుండా పాత బెల్టు ముక్క కట్టాను.

కడ్డీ అడుగున నాలుగు చిన్న స్విచ్‌లు, నాలుగు వైపులకు. వాటి వైర్లు కలుపుతుండగా కరెంటు పోయింది. ఏది ఎటో కరెంటు వచ్చాక చూసుకోవచ్చులే అనుకుని కలిపేశాను.

కరెంటు వచ్చేసరికి అక్క అప్పటికే బావను తెచ్చి కూర్చోబెట్టి, చేతికి బెల్టు కట్టేసింది. తెర మీద ఒక విమానం, కింద కొండలు. కడ్డీని ముందుకు నెడితే విమానం పైకి లేవాలి. ఆ హడావిడిలో వైర్ల సంగతి నాకు గుర్తే లేదు.

విమానం నేరుగా కిందికి పోయి కొండకు కొట్టుకుంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. చెయ్యి అలవాటుగా ఛాతీ వైపుకే లాక్కుంటోందనుకున్నాను. అక్క మొహం తిప్పుకుంది. “పోన్లే బావా, మొదటి రోజే కదా,” అన్నాను.

“పోన్లే ఏంట్రా పోన్లే! నేను పైకి నెడుతుంటే ఇది కిందికి పోతందేంట్రా! ఏం బిగించి చచ్చావ్?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “నా పనికి వంకలు పెట్టకు బావా. నీ చెయ్యే జారతంది!”

“ఒరేయ్!” అని అక్క అరిచింది. అంత మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారాక ఏం లాభం?

బావ ముద్ద మాటతోనే గట్టిగా అన్నాడు. “తెర కాదురా, చెయ్యి చూడు.”

చూశాను. గేరు నాబ్ మా బావ ఛాతీ వైపుకు వాలి లేదు. ముందుకు, తెర వైపుకు వాలి ఉంది. ఇంతసేపూ ముగ్గురం విమానాన్నే చూశాం, చేతిని ఎవరం చూడలేదు.

పంపు మోటార్ల వాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మేము వైర్లకు గుర్తులు పెట్టుకోం. ముందు కలిపేసి స్విచ్ వేస్తాం. మోటారు ఎదురు తిరిగితే రెండు వైర్లు అటూ ఇటూ మార్చేస్తాం, అంతే. ఇక్కడా అలాగే కలిపాను, మార్చడం మర్చిపోయాను. ఆయన నెట్టిన ప్రతిసారీ విమానం కూలింది నా చలవ వల్లే. “అయ్యో, తప్పు నాదే బావా,” అంటూ స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాను.

అక్క అదేమీ వినిపించుకోలేదు. బెల్టు విప్పింది. బావ గుప్పిటకు ఎదురుగా తన అరచెయ్యి ఆనించి, “ఏదీ, నన్ను నెట్టు,” అంది. బావ పళ్ళు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. అక్క చెయ్యి మెల్లగా వెనక్కి కదిలింది, బొటనవేలు మందం, అంతే.

“నెట్టాడ్రా!” అంది అక్క. అలాగే నేల మీద కూలబడి భోరుమని ఏడ్చింది. గుండెల మీది బండ దిగినట్టయి నేను కూడా పక్కనే చతికిలబడ్డాను.

“ఆ ఏడుపేదో తర్వాత ఏడుద్దువుగానీ,” అన్నాడు బావ. “చెయ్యి పెట్టు. ఇంకోసారి నెడతా.”