అటెండెంట్ పేరు లచ్చవ్వ

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వే మనిషిని నేను. ఊరి శ్మశానం, బొందలగడ్డ పక్కనే గొర్రెల మంద వెంట తిరిగి పెరిగినదాన్ని. పన్నెండేళ్లుగా చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాకు రక్తానికి సంబంధించిన క్యాన్సర్ వచ్చింది. మందులతో కొంత తగ్గాక, మూలకణాల మార్పిడి చేయాలన్నారు హైదరాబాద్ డాక్టర్లు. నా కణాలే తీసి దాచి, పెద్ద మోతాదు మందు ఇచ్చి, మళ్లీ నాకే ఎక్కిస్తారు. ఇచ్చేవాళ్లను వెతకనక్కర్లేదు. కానీ మూడు నాలుగు వారాలు విడి గదిలో ఉండాలి. బయట ఒక అటెండెంట్ తప్పనిసరి.

వాళ్లిచ్చిన కాగితం చూసి సర్దుకున్నాను. ముందు బొత్తాలున్న నూలు నైటీలు ఆరు, ఉతికి ఇస్త్రీ చేసి కవర్లలో పెట్టాను. మెత్తటి బ్రష్షు, మూత ఉన్న స్టీలు గ్లాసు, కొత్త చెప్పులు. ఎలాగూ రాలిపోయే జుట్టే కదా అని యాదగిరిగుట్ట వెళ్లి ఇచ్చి వచ్చాను. అక్కడ అందరూ కుటుంబాలతో వచ్చారు. నా సంచి చూసేవాళ్లు లేక, దాన్ని ఒళ్లో పెట్టుకునే గుండు చేయించుకున్నాను.

కాగితంలో చివరి గడి, అటెండెంట్ పేరు. అమ్మా నాయినా ఎప్పుడో పోయారు. పెళ్లి నిలబడలేదు. ఉన్నది తమ్ముడు మల్లేశం ఒక్కడే. నకిరేకల్ అవతల మా ఊళ్లో గొర్రెలు కాస్తాడు. వాడి పేరు రాశాను. వాడే వచ్చి చేర్పించాడు. మూడో రోజు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మందకు రోగం తగిలిందట, చచ్చిపోతున్నాయట. నేనే వెళ్లమన్నాను.

"రెండు దినాల్ల వస్తనక్కా" అన్నాడు. రాలేకపోయాడు.

అటెండెంట్ లేకపోతే వాయిదా వేస్తారేమోనని భయం వేసింది. వాడు వెళ్లిన మర్నాడే నర్సు సునీత అడిగితే, మా అవ్వ వస్తుందని, పేరు లచ్చవ్వ అని చెప్పాను. అమ్మా నాయినా పోయాక మమ్మల్ని పెంచిన ముసలి అవ్వ చనిపోయి అప్పటికి ఆరేళ్లు.

కణాలు ఎక్కించాక నోరంతా పుండ్లు. ఉమ్మి మింగినా ప్రాణం పోయేది. రోజంతా కనిపించేవి మాస్కుల పైన కళ్లే. అటెండెంట్లు కూర్చునే బల్ల రెండు తలుపుల అవతల ఉండేది. మంచం మీద నుంచి కనిపించదు. బతికితే ఎవరికి చెప్పాలి అని కూడా అనిపించిన రోజులవి.

కణాలు ఎక్కించిన ఐదో రోజు, నేను ముట్టని జావ చూసి సునీత అంది.

"అక్కా, జర తాగు. మీ అవ్వ పొద్దటి సంది ఏం తినలే. బిడ్డ తాగినంకనే తింటనంటాంది."

నాతో తాగించడానికి ఆ పిల్ల ఆడుతున్న నాటకం అనుకున్నాను. అయినా కళ్లు మూసుకుని సగం గ్లాసు తాగాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

తర్వాత ఒకరోజు మందు ఎక్కిస్తూ, అవ్వకు ఎడమ చెవి వినపడదా అని అడిగింది. ఆ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదట.

అవ్వకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. ఆ సంగతి నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు. పుండ్లతో ఎక్కువ మాట్లాడలేక, మల్లేశానికి మెసేజ్ పెట్టి అడిగాను. దవాఖానలో అవ్వ మాటే ఎత్తలేదన్నాడు.

ఒక్కసారి లోపలికి పంపమని సునీతను బతిమాలాను. రూల్ ఒప్పుకోదు, కావాలంటే అద్దం దగ్గర నిలబెడతానంది. మర్నాడు వచ్చి చెప్పింది.

"రమ్మంటే వద్దన్నది. నన్ను చూస్తే బిడ్డ ఏడుస్తది, ఏడిస్తే నోరు నొస్తది అన్నది."

చేరిన ఇరవై రెండో రోజు నన్ను బయటికి తెచ్చారు. బల్ల ఖాళీగా ఉంది. ముసలామె పొద్దున్నే వెళ్లిపోయిందన్నారు. సునీత చెప్పిన పోలికలు, చేతుల మీద పచ్చబొట్లూ సన్నటి మనిషీ, మా దిక్కు ఏ ముసలమ్మకైనా సరిపోతాయి. వేరే రోగి తాలూకు మనిషేమోనని ఆ వార్డులో మిగిలిన ముగ్గురినీ అడిగించాను. వాళ్లతో ముసలివాళ్లెవరూ రాలేదు. రిజిస్టరు చూపించమన్నాను. నేను చేరిన నాలుగో రోజు నుంచి లచ్చవ్వ పేరు పక్కన వరసగా వేలిముద్రలున్నాయి. ఆ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మళ్లీ పనికి పోతున్నాను. అవ్వ వేలిముద్ర ఉన్న పాత భూమి కాగితం ఒకటి మల్లేశం దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని రెండుసార్లు అన్నాడు. నేను వద్దన్నాను.

కలిస్తే ఏమనుకోవాలో నాకు తెలియదు. కలవకపోతే, అన్ని రోజులూ ఆ బల్ల మీద నా కోసం కూర్చున్నది మావాళ్లెవరూ కాదని తేలిపోతుంది. అది మాత్రం నేను తెలుసుకోదలచుకోలేదు.