నీళ్ళతో రాసిన అక్షరం

నా చిన్నప్పుడు మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటికీ పక్కింటికీ కలిపి ఒకటే డ్రైవ్‌వే. పక్కింటి చైనా తాతయ్య ఎండ కాసే పూట దాని మీద నీళ్ళతో అక్షరాలు రాసేవారు. పొడుగు కర్రకు కట్టిన లావుపాటి కుంచె, పక్కన చిన్న బకెట్టు, అంతే. సిమెంటు మీద నల్లగా మెరిసే ఆ గీతలు ఒకచోట లావెక్కి, ఒకచోట వెంట్రుకంత సన్నబడి, చూస్తుండగానే ఆరిపోయేవి. అమ్మ హాస్పిటల్‌లో డ్యూటీ ముగించుకుని వచ్చేదాకా నేను వాళ్ళ మెట్ల మీదే కూర్చునేదాన్ని. వాటి అర్థం నాకు తెలియదు. కొన్ని నడుస్తున్నట్టు, కొన్ని కునుకు తీస్తున్నట్టు ఉండేవి.

మాకు చాలా దూరంలో ఉన్న క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపానికి కూలిన ఇళ్ళు మళ్ళీ కడుతున్న రోజులవి. తాతయ్య కొడుక్కి అక్కడ పని దొరికింది. అందరూ వెళ్ళిపోతున్నారని తెలిసినప్పుడు నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆయన రాసిన అక్షరం ఒక్కటైనా ఆరకుండా ఉండాలని మొండిపట్టు పట్టాను.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఆయన ఒక పెద్ద అక్షరం రాశారు. నేను చిన్న కుంచె తీసుకుని దాని వెంటపడ్డాను. ఇంట్లో అమ్మ నాకు అ ఆలు నేర్పేటప్పుడు, "ఒక్కసారికే వచ్చేస్తుందా? దిద్దమ్మా, ఇంకా దిద్దు," అనేది. నాకు తెలిసిన విద్య అదే. ఆరుతున్న చోటల్లా దిద్దాను. కాసేపటికి అక్షరం ఉబ్బిపోయి మడుగైంది. లావూ లేదు, సన్నమూ లేదు. నా చేతులతో నేనే పాడుచేశానని భోరుమన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పక్కన పొడి సిమెంటు మీద అదే అక్షరం మళ్ళీ రాసి, నా చేతిలో కుంచెను మెల్లగా తీసుకున్నారు. "వన్ టైమ్. నౌ లుక్," అన్నారు, తనకొచ్చిన ఇంగ్లిష్‌లో.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని చూశాం. సన్నటి గీతలు ముందు మాయమయ్యాయి. గీత మొదలైన చోట, మలుపు తిరిగిన చోట మాత్రం తడి చుక్కలు మిగిలాయి. ఆయన వాటిని వేలితో చూపించి, గాలిలో గీత గీస్తూ మధ్యలో చెయ్యి ఆపారు. చెయ్యి ఆగిన చోటే తడి ఎక్కువసేపు ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. నా ఏడుపు ఎప్పుడు ఆగిందో గుర్తులేదు.

వ్యాన్ ఎక్కేముందు ఆయన నా తల మీద చెయ్యి వేసి, తియ్యకుండా కొంచెంసేపు అలాగే ఉంచారు.

నేనిప్పుడు అమ్మలాగే నర్సుని. డ్యూటీ దిగేముందు పేషెంటు భుజం మీద నా చెయ్యి కూడా అలాగే ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన రాసినవన్నీ ఏనాడో ఆరిపోయాయి. నా తల మీద ఆ చోటు మాత్రం ఇంకా తడిగానే ఉంది.