చిక్కుడుపాదుకు వేసిన హాప్స్

సాయంత్రం అయిదు దాటి ఉంటుంది. నల్లా దగ్గర తడి గచ్చుమీద మా కుక్క నాలుగు కాళ్ళూ చాపి బోర్లా పడుకుని రొప్పుతోంది. చలికి నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను. దాని చెవి పట్టుకుంటే అప్పుడే దించిన గిన్నెలా కాలింది. నాకు మొదట భయం వేసింది అప్పుడే.

"పొద్దంత పోరగాండ్లతోని ఉరికింది. అలిసింది, ఇంకేంది," అంది మా అత్తమ్మ, బర్రెకు నీళ్ళు పెడుతూ. "నువ్వు ప్రతిదానికి పరేషాన్ అయితవు పిల్లా. మొన్న దోమ కుడితె గూడ దవాఖాన అన్నవు."

నేను చిక్కుడుపాదు వైపు చూశాను. మధ్యాహ్నం అక్కడ నేను పోసిన పచ్చటి ముద్ద సగం లేదు. మిగతాది నాకిన గుర్తులతో ఉంది.

మాది రావల్కోల్. మైక్రోబయాలజీ చదివి, మేడ్చల్ దగ్గర చిన్న బీరు కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. అక్కడ రసం పిండేసిన బార్లీ పొట్టును చుట్టుపక్కల పాడివాళ్ళు డ్రమ్ముల్లో పట్టుకుపోతారు. మా బర్రె తినేదీ అదే. ఇంట్లో బీరు మాటే ఎత్తనివ్వని అత్తమ్మ కూడా ఆ పొట్టును 'కంపెనీ దాణా' అని మురిపెంగా అంటుంది. అక్కడినుంచి ఏది తెచ్చినా మంచిదేనని మాకు అలవాటైపోయింది.

హాప్స్ అంటే బీరులో వేసే, ఒక తీగకు పూసే పచ్చటి పువ్వులు. ఎండబెట్టి, పొడిచేసి, దాణా గోళీల్లాగే నొక్కి పంపుతారు. చేదు కోసం మాగ్నం రకాన్ని గంటసేపు మరిగిస్తాం. సాజ్ రకాన్ని దించే ముందు వేస్తే గడ్డివాసన, కొంచెం మిరియాల ఘాటు వస్తాయి. సిట్రాను మరిగించం. పులిసిన బీరులో చల్లగానే నానబెడతాం. మామిడికాయ, నిమ్మతొక్క కలిసిన వాసన దానిది. అన్నింట్లో నాకు అదే ఇష్టం. ట్యాంకు అడుగున మిగిలిన సిట్రా ముద్దను మోరీలో పోయబుద్ధి కాక, పాదుకు బలమని డబ్బాలో తెచ్చాను. అందులో కలిసిన ఈస్టు వాసనకు కుక్క వస్తుందని తట్టలేదు.

కంపెనీలో బీరు కాచే మా బ్రూవర్ సార్‌కి ఫోన్ చేశాను.

"ఎంత తిన్నదమ్మా?"

"సగం డబ్బా ఉంటది సార్."

"హాప్స్ కుక్కకు విషం. ఒంట్ల వేడి ఆగకుండ పెరుగుతది. నీళ్ళు పోసుకుంట జల్దీ డాక్టర్ దగ్గరికి తీస్కపో. నేను చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. నేనూ అడగలేదు.

కుక్కను తడిపిన పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆయన బండి నడిపాడు. శామీర్‌పేట చేరేలోపే ఆ చీర వెచ్చబడిపోయింది. పశువుల డాక్టరు సెలైన్ ఎక్కించి, చుట్టూ ఐసు పెట్టాడు. "గంట ముందు తేవాల్సింది," అన్నాడు. కాసేపటికి దాని కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. తర్వాత రొప్పు ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఆ ముద్ద ముట్టాడేమోనని చిన్నోడి అరచేతులు తిప్పి వాసన చూశాను. సబ్బు వాసనే. పాదులో మిగిలింది గీకి లోతుగా పూడ్చాను.

"ఎవరో మంచోళ్ళు తీస్కపోయిండ్రని చెప్పు," అంది అత్తమ్మ. "రెండు రోజులల్ల మర్చిపోతరు."

"ఎందుకు తీస్కపోయిండ్రని అడుగుతరు అత్తమ్మా."

"అడగని. సిన్నపోరలు, వాళ్ళకేం ఎరుక."

పొద్దున చిన్నోడు తన రొట్టెలో సగం తుంచి వాకిట్లోకి పోయి పిలుస్తున్నాడు. పాప నల్లా దగ్గర వెతుకుతోంది. ఇద్దరినీ గడపమీద కూర్చోబెట్టాను. అత్తమ్మ బర్రె దగ్గరినుంచి చూస్తోంది.

"దాన్ని ఎవ్వరు తీస్కపోలే," అన్నాను. "సచ్చిపోయింది. నేను పాదుకు ఏసింది తిని సచ్చిపోయింది. అది కుక్కకు విషమని నాకు తెల్వలే. అడిగితే చెప్పేటోళ్ళు ఉన్నరు. నేను అడగలే."