ఎవరూ మాట్లాడని లైను

పాసయ్యాను! ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఉద్యోగం కూడా వచ్చేసింది! మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్ళే లేరు. పాత టెలిఫోన్ లైన్లనీ కంప్యూటర్ లైన్లనీ కలిపి ఒకే నెట్‌వర్కుగా మార్చే కంపెనీలో పని. పొద్దున కాలేజీ గోడ మీద నా నంబరు చూసుకున్న దగ్గర్నుంచీ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ముందుగా ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వి, "ఎక్స్ఛేంజి అక్కకి చెప్పావా?" అంది. ఆ మాటతో నా సంతోషానికి చేదు తగిలింది.

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, కోడూరు దగ్గర మా ఊరినుంచి బందరుకి ఒక్కటే లైను ఉండేది. రెండు గదుల పెంకుటింట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి. అందులో పనిచేసే అక్క ఒక తీగ తీసి ఒక రంధ్రంలో గుచ్చితే ఇద్దరు మాట్లాడుకునేవారు. వాళ్ళు పెట్టేసేదాకా మిగతా ఊరంతా ఆగాల్సిందే. ఒకసారి లైను వదిలితే మళ్ళీ పూటంతా దొరకదు. అందుకని మా ఊళ్ళో దొరికిన లైనుని ఎవరూ వదిలేవారు కారు. అవతలివాళ్ళు వచ్చేదాకా, మాటల్లేకపోయినా, రిసీవరు పట్టుకునే కూర్చునేవారు.

ఆ రోజు అమ్మ కాన్పుకి బందరులో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఉంది. తోడుగా పిన్ని వెళ్ళింది. మధ్యాహ్నం పిన్ని ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి, వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, బావ ఒప్పుకున్నట్టు డాక్టరుగారికి ఫోన్లో చెప్పాలట అని కబురు పెట్టింది. నాన్న చేలోంచి బురదకాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. వెనకే నేను. మేం ఎక్స్ఛేంజికి వెళ్ళేసరికి లైను, తన ఇంట్లోంచి బందరుకి ఫోన్ చేసిన పెద్దకామందు చేతిలో ఉంది. మేం కౌలుకి చేసేది ఆయన పొలమే.

అక్క మధ్యలో కలగజేసుకుని అడిగింది. ఆయన గొంతు ఆమె హెడ్‌ఫోన్‌లోంచి మాకూ వినబడింది.

"ఉండమ్మాయ్, అక్కడ బందరులో మా అన్నయ్య అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వస్తాడు. ఇప్పుడు పెట్టేస్తే మళ్ళీ ఈ లైను నాకెప్పుడు దొరికేను?"

"ప్రాణం మీదికొచ్చిందండీ, మీ కౌలుదారు భార్యకి."

"ఫోన్ కావాల్సొస్తే అందరికీ ప్రాణం మీదికే వస్తుంది."

"అన్నయ్యా, వాళ్ళిల్లు రెండు వీధులేగా! నువ్వే వెళ్ళి ఓ మాట అడగరాదూ?" అంది అక్క నాన్నతో.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "అన్నం వేళ ఆయన గడపెక్కమంటావా తల్లీ? కాసేపాగితే ఆయనే పెట్టేస్తాడు."

గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క నన్ను దగ్గరికి లాక్కుని, తన హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి పెట్టింది.

"ఏం వినబడుతోందే?"

"ఫ్యాను తిరుగుతోంది. కంచం చప్పుడు."

"మాటలూ?"

"ఎవరూ మాట్లాడట్లేదక్కా."

"చూశావా! బస్సు మొత్తం ఒక్కరి పేరున ఆపేశారు, అందులో ఒక్కరూ ఎక్కలేదు. మీ నాన్న మాత్రం రోడ్డు మీదే నిలబడాలి. గుర్తుపెట్టుకో."

ఆ మాటంటూనే తీగ పీకేసింది. నర్సింగ్‌హోమ్‌కి కలిపి రిసీవరు నాన్న చేతికిచ్చింది. నాన్న "చెయ్యండి, చెయ్యండి" అని రెండుసార్లు అన్నాడు.

అమ్మ బతికింది. తమ్ముడు ఏడవకుండానే పుట్టాడు. ఇంకాస్త ముందు చేసుంటే దక్కేవాడేమో అన్నారట డాక్టరుగారు. ఆ కాస్త ఎంతో ఆయన చెప్పలేదు. నాకు తెలుసు, నా చెవులతో విన్నాను. కామందు ఫిర్యాదుతో ఆ నెల తిరక్కుండానే అక్క ఉద్యోగం పోయింది. నాన్న ఆయన పొలమే చేస్తూ వచ్చాడు. అందుకు నాన్న మీద కోపం నాకు ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

కాలేజీలో మా మాస్టారు లైన్ల మీద మాట పంపే కొత్త పద్ధతి చెప్పిన రోజు నా పెన్ను కదల్లేదు. మాటని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ చిరునామా తగిలించి పంపుతారట. దారి ఎవరి సొంతమూ కాదు. ఒకరు ఊరుకున్న క్షణంలో అక్కడ ఇంకొకరి మాట వెళ్ళిపోతుంది. క్లాసులో అందరూ బొమ్మ గీసుకుంటున్నారు. నాకు కంచం చప్పుడు వినబడింది. దారి కావాలంటే ఎవరూ ఎవరి గడపా ఎక్కక్కర్లేని ఏర్పాటు ఒకటుండాలని అక్క ఆ రోజే నా చెవిలో వేసింది. నేను చదివింది దానికోసమే.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళున్నారు. గుడివాడలో మావయ్య, నాలుగేళ్ళూ వాళ్ళింట్లో ఉండే చదువుకున్నాను. పెడనలో బట్టల అద్దకం పనిచేసే పిన్ని, చేతుల రంగు కడుక్కునే వస్తుంది కాబట్టి కాసేపు ఆగాలి. ఉయ్యూరులో బట్టలు కుట్టుకుంటున్న ఎక్స్ఛేంజి అక్క. చివరికి పెద్దకామందు. "ఆయనకీ ఒక మాట చెప్పమ్మా, పెద్దాయన," అన్నాడు నాన్న, ఇప్పటికీ. చేస్తాను. ఆయన ఏమీ మాట్లాడకపోయినా పెట్టెయ్యను. రేపు మేం వేసే దారిలో ఆయన ఎంతసేపు ఊరుకున్నా, ఆ సందులోంచి ఎవరో ఒకరి మాట బందరు చేరుతుంది.